గీసేది ఒక్క నిమిషం, దిద్దేది పావుగంట: ఇంక్‌స్కేప్‌లో చేత్తో అక్షరాలు గీయడం

"మౌస్‌తో గీస్తే గీత వణుకుతోంది, ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. "పెన్ టాబ్లెట్ కొనక తప్పదా?" అని ఇంకొందరు. అందరినీ నేను తిరిగి అడిగేది ఒక్కటే: మీ గీతలో ఎన్ని నోడ్లు (గీత ఆకారాన్ని పట్టి ఉంచే చుక్కలు) ఉన్నాయి? తొంభై, నూట ఇరవై అని జవాబొస్తే, రోగం చేతిలో లేదు, నోడ్లలో ఉంది.

చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దినట్టే ఈ పని కూడా. ముందు ఓ మోస్తరుగా గీసెయ్యాలి, తర్వాత తీరిగ్గా దిద్దాలి. గీసేటప్పుడే అంతా కుదరాలని పట్టుబట్టి ఇరవైసార్లు అన్‌డూ కొట్టేవాళ్లే ఎక్కువ అలసిపోతారు.

మాటల్లో చెబితే పట్టుబడదు కాబట్టి ఒక పని పెట్టుకుందాం. ఒక కర్రీ పాయింట్ గాజు తలుపు మీద అంటించడానికి "రుచి" అనే మాట, 300 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకే రంగు స్టిక్కర్. ఫాంటు వాడొద్దు, చేత్తో రాసినట్టే ఉండాలి అన్నారు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దాంట్లోనే చూపిస్తాను. నేను చెప్పే మెనూలు 1.0 తర్వాతి వెర్షన్లవి.

1. గీసే ముందు చేయాల్సినవి

తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో "రుచి" అని ఏడెనిమిదిసార్లు రాయండి. ఆలోచించకుండా, వేగంగా. ఆరోదో ఏడోదో బాగా వస్తుంది. మొదటిది దాదాపు ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుంది.

నచ్చినదాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. ఫోన్ కాగితానికి సమాంతరంగా ఉండాలి. వంచి తీస్తే అక్షరం పైభాగం సన్నబడి, ఆ వంకర చివరిదాకా మీ వెంటే వస్తుంది.

ఇంక్‌స్కేప్‌లో ఫైల్ మెనూ నుంచి ఇంపోర్ట్ చేయండి. ఎంబెడ్ చేయాలా, లింక్ చేయాలా అని అడిగితే ఎంబెడ్ అనండి. లింక్ అంటే ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేరే కంప్యూటర్‌కి తీసుకెళ్లినప్పుడు ఫొటో కనిపించదు.

తర్వాత ఇవి వరసగా:

– డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో (కంట్రోల్ + షిఫ్ట్ + డి) కొలత మిల్లీమీటర్లకు మార్చండి.
– ఫొటోలోని మాట 300 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చేలా ఫొటోను సాగదీయండి. సాగదీసేటప్పుడు కంట్రోల్ నొక్కి ఉంచితే నిష్పత్తి చెడదు.
– ఫొటో ఒపాసిటీ (ఎంత గాఢంగా కనిపించాలనేది) 30–40 శాతానికి తగ్గించండి.
– లేయర్స్ ప్యానెల్‌లో (కంట్రోల్ + షిఫ్ట్ + ఎల్) ఫొటో ఉన్న లేయర్‌కు (పొరకు) తాళం వేయండి.
– పైన కొత్త లేయర్ పెట్టి "గీతలు" అని పేరివ్వండి. ఇక గీసేదంతా దీని మీదే.

తాళం వేయకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నోడ్ పట్టుకుందామని లాగితే ఫొటో మొత్తం పక్కకు జరుగుతుంది, అది మీరు గమనించేసరికి పది నిమిషాలైపోతుంది.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. రెండు మూడు వందల రూపాయల మౌస్ చాలు.

2. పెన్సిల్‌ను సిద్ధం చేయడం

పి అక్షరం నొక్కితే పెన్సిల్ టూల్ వస్తుంది. వచ్చిన వెంటనే గీయకండి. పైన కనిపించే పట్టీలో మూడు విషయాలు చూడండి.

మోడ్: మొదటిది, అంటే మామూలు బెజియర్ పాత్ (నోడ్లతో వంగే గీత) ఎంచుకోండి. స్పైరో, బీ-స్ప్లైన్ కూడా ఉంటాయి. అవి అందంగా వంగుతాయి గానీ నోడ్ ఒకచోట కదిపితే గీత ఇంకోచోట కూడా కదులుతుంది. దిద్దడం నేర్చుకునేవాళ్లకు అనవసరమైన టెన్షన్.

స్మూతింగ్: 1 నుంచి 100 దాకా ఉంటుంది. తక్కువ పెడితే చేతి వణుకంతా నోడ్ల రూపంలో దిగిపోతుంది. మరీ ఎక్కువ పెడితే మీరు గీసింది ఒకటి, వచ్చేది ఇంకొకటి. మౌస్‌తో అయితే నేను 25–40 మధ్య ఉంచుతాను.

షేప్: ప్రస్తుతానికి "నన్". గీత మందం సంగతి తర్వాత.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. స్మూతింగ్ లెక్క స్క్రీన్ మీద కనిపించే గీతను బట్టి నడుస్తుంది. అంటే అదే 30 స్మూతింగ్‌తో బాగా జూమ్ చేసి గీస్తే ఎక్కువ నోడ్లు, దూరం నుంచి గీస్తే తక్కువ నోడ్లు వస్తాయి. "ర" ఒక జూమ్‌లో, "చి" ఇంకో జూమ్‌లో గీస్తే రెండూ ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినట్టుంటాయి. మాట మొత్తం స్క్రీన్ మీద పట్టేంత జూమ్ పెట్టుకుని, అయిపోయేదాకా దాన్ని ముట్టుకోకండి.

చివరగా ఫిల్ అండ్ స్ట్రోక్ (కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్). ఫిల్ (లోపల నిండే రంగు) వద్దు, స్ట్రోక్‌కు (గీతకు) ఎరుపు లాంటి కొట్టొచ్చే రంగు, మందం 1 మిల్లీమీటర్. స్ట్రోక్ స్టైల్‌లో జాయిన్ (గీత మలుపు), క్యాప్ (గీత చివర) రెండూ గుండ్రంగా పెట్టండి. ఇప్పుడే నలుపు, అసలు మందం పెట్టేస్తే కింద ఫొటోలో గీత కనబడదు, దేని మీద దిద్దుతున్నారో తెలియదు.

3. గీతల వరస

"రుచి"ని ఒకే గీతలో గీయాలని చూడకండి. నేను ఐదు ముక్కలు చేస్తాను: ర గుండ్రం, దాని తలకట్టు, కొమ్ము, చ శరీరం, దాని మీద గుడి. కాగితం మీద పెన్ను ఎక్కడ ఎత్తుతారో ఇక్కడా అక్కడే మౌస్ వదలాలి.

ముక్కలు ఒకదానికొకటి తగిలే చోట కొద్దిగా ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కేలా గీయండి. సరిగ్గా అంచుకు అంచు ఆనేలా గీస్తే తర్వాత వెంట్రుకంత సందు మిగులుతుంది. స్క్రీన్ మీద కనిపించని ఆ సందు, కటింగ్‌లో కచ్చితంగా కనిపిస్తుంది.

మణికట్టుతో కాకుండా మోచేయి కదిలిస్తూ, కాగితం మీద రాసిన వేగంతోనే లాగండి. మెల్లగా గీస్తే తిన్నగా వస్తుందనుకుంటారు గానీ, వణుకు వచ్చేది మెల్లగా గీసినప్పుడే.

ర గుండ్రం గీసి మొదలుపెట్టిన చోటికే వచ్చి, అక్కడ కనిపించే చిన్న చదరం మీద మౌస్ వదిలితే పాత్ మూసుకుంటుంది. గీత మధ్యలో చెయ్యి జారిందా? ఫర్వాలేదు. ఆ పాత్ సెలెక్ట్ అయి ఉండగానే చివరి చదరం మీద నొక్కి మళ్లీ లాగితే అక్కడి నుంచే కొనసాగుతుంది.

నొక్కి లాగకుండా ఊరికే క్లిక్ చేసి వదిలేస్తే పెన్సిల్ తిన్నటి గీత గీయబోతుంది. అలా ఓ రబ్బరు గీత మౌస్ వెంట తిరుగుతుంటే కంగారు పడకుండా ఎస్కేప్ నొక్కండి.

ఐదు ముక్కలకు రెండు నిమిషాలు మించకూడదు. ఫొటో మీద గీత అక్కడక్కడా 3–4 మిల్లీమీటర్లు పక్కకు పోయినా వదిలేయండి.

4. నోడ్లు తగ్గించడం

అసలు పని ఇదే. ఎన్ నొక్కితే (లేదా ఎఫ్‌2) నోడ్ టూల్ వస్తుంది. ర గుండ్రం మీద క్లిక్ చేసి, కంట్రోల్ + ఎ కొట్టండి. కింద స్టేటస్ బార్‌లో ఎన్ని నోడ్లు సెలెక్ట్ అయ్యాయో చూపిస్తుంది. ఇలాంటి గుండ్రానికి నాకు సాధారణంగా పది నుంచి ఇరవై దాకా వస్తాయి. కావాల్సింది నాలుగు.

నాలుగెందుకంటే: పైన, కింద, ఎడమ, కుడి. ఏ గుండ్రానికైనా వంపు దిశ మారే కొసలు ఈ నాలుగే. ఆ కొసల దగ్గర నోడ్ ఉండి, పై కింది నోడ్ల హ్యాండిళ్లు (నోడ్ నుంచి పొడుచుకొచ్చి వంపును లాగే పుల్లలు) అడ్డంగా, ఎడమ కుడి నోడ్ల హ్యాండిళ్లు నిలువుగా ఉంటే గుండ్రం నిగనిగలాడుతుంది.

సులువైన దారి సింప్లిఫై, అంటే కంట్రోల్ + ఎల్. ఒకసారి కొడితే నోడ్లు బాగా తగ్గుతాయి. కానీ దీనికో స్వభావం ఉంది: వెంటవెంటనే రెండు మూడుసార్లు కొడితే ప్రతిసారీ దెబ్బ పెద్దదవుతుంది. ఒకసారి కొట్టి, ఒక క్షణం ఆగి, చూసి, అవసరమైతేనే మళ్లీ కొట్టండి. తలకట్టు లాంటి కోసు మొనలున్న ముక్కల మీద నేను అసలు వాడను. మొన కాస్తా అరిగిపోయి నెలవంకలా తయారవుతుంది.

ర గుండ్రానికి నేను చేసే పద్ధతి ఇది:

– అన్ని నోడ్లూ సెలెక్ట్ చేసి, పైపట్టీలో నోడ్ చేర్చే బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కండి. మిన్ ఎక్స్, మ్యాక్స్ ఎక్స్, మిన్ వై, మ్యాక్స్ వై దగ్గర నోడ్ పెట్టే ఎంపికలుంటాయి. నాలుగూ ఒక్కోసారి వాడండి. నాలుగు కొసల్లో నోడ్లు పడతాయి.
– ఆ నాలుగు వదిలి, మిగిలినవన్నీ షిఫ్ట్ పట్టుకుని ఒక్కొక్కటిగా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి. ఆకారం చెడకుండా చూడాలని ఇంక్‌స్కేప్ తనే ప్రయత్నిస్తుంది.
– మిగిలిన నాలుగింటినీ సెలెక్ట్ చేసి షిఫ్ట్ + ఎస్ కొట్టండి. నునుపు నోడ్లవుతాయి.
– ఒక్కో హ్యాండిల్‌ను కంట్రోల్ పట్టుకుని లాగండి. కోణం 15 డిగ్రీల మెట్లుగా కదులుతుంది కాబట్టి అడ్డం, నిలువు సులువుగా దొరుకుతాయి.

హ్యాండిల్ ఎంత పొడవుండాలి? అచ్చమైన వృత్తానికైతే వ్యాసార్ధంలో దాదాపు 55 శాతం. 40 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి 22 మిల్లీమీటర్లన్నమాట. మన ర గుండ్రం వృత్తం కాదు, కొంచెం అడ్డంగా సాగిన అండాకారం. అయినా లెక్క పనికొస్తుంది: హ్యాండిల్ పొట్టిగా ఉంటే ఆ చోట గుండ్రం నొక్కుకుపోయినట్టు, మరీ పొడుగైతే డబ్బాలా పలకలు తేలినట్టు ఉంటుంది. అలా కనిపిస్తే కదపాల్సింది హ్యాండిళ్లనే, నోడ్‌ను కాదు.

చేతిరాతలా ఉండాలి కాబట్టి చివర్లో ఒక హ్యాండిల్‌ను కావాలనే కొంచెం పొడుగు చేసి వదిలేస్తాను. నాలుగూ సమానంగా ఉంటే అది ఫాంటులోని అక్షరమే అవుతుంది.

ఒక్కోసారి డిలీట్ కొట్టగానే గీత ఎటో విరుచుకుపోతుంది. ఆకారాన్ని కాపాడబోయి హ్యాండిళ్లను మరీ దూరం విసిరేయడం వల్ల అలా అవుతుంది. అన్‌డూ చేసి, ఈసారి కంట్రోల్ + డిలీట్ కొట్టండి. ఆకారం పట్టించుకోకుండా నోడ్ మాత్రమే పోతుంది, తర్వాత చేత్తో సర్దుకోవచ్చు.

మిగతా ముక్కలకు లెక్క ఇలా పెట్టుకోండి: తలకట్టుకు మూడు నోడ్లు, కొమ్ముకు నాలుగైదు. చ శరీరానికి, గుడికి వంపుకొకటి చొప్పున. ఒక నోడ్ తీసేసినా గీత మారలేదంటే అది అక్కడ ఉండనక్కర్లేదు.

5. మొన ఎక్కడ, నునుపు ఎక్కడ

తలకట్టును దగ్గరగా చూడండి. టిక్కు గుర్తు లాంటిది: చిన్న గీత కిందికి దిగి, మొన తిరిగి, పొడుగు గీత పైకి లేస్తుంది. ఆ కింది మొన దగ్గర నోడ్ నునుపుగా ఉంటే తలకట్టు తడిసిన కాగితంలా మెత్తబడిపోతుంది. అక్కడ షిఫ్ట్ + సి కొట్టి మొన నోడ్ చేయండి. అప్పుడు దాని రెండు హ్యాండిళ్లూ దేనికదే కదులుతాయి.

మొన మరీ కత్తిలా ఉందా? గుండ్రపు జాయిన్ పెట్టాం కాబట్టి ఆ పదును తగ్గుతుంది. జాయిన్ పదునుగా వదిలేసినవాళ్లకు మొన దగ్గర ముల్లులాంటిది బయటికి పొడుచుకొస్తుంది. అది గీత తప్పు కాదు, జాయిన్ తప్పు.

ఏ నోడ్ మీదైనా కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తూ పోతే దాని రకాలు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. షార్ట్‌కట్లు గుర్తుండనివాళ్లకు ఇదే నయం.

రెండు ముక్కలు నిజంగా ఒకే పాత్ కావాలంటే ముందు కంట్రోల్ + కె తో కంబైన్ చేసి, కలవాల్సిన రెండు చివరి నోడ్లు ఎంచి షిఫ్ట్ + జె (నోడ్ల జాయిన్) కొట్టాలి. విడదీయాలంటే నోడ్ మీద షిఫ్ట్ + బి. "జాయిన్ పనిచేయడం లేదు" అన్నవాళ్లలో ఎక్కువమంది కంబైన్ చేయకుండా కొట్టినవాళ్లే.

6. మందం

గీతలన్నీ కుదిరాక ఐదింటినీ సెలెక్ట్ చేసి స్ట్రోక్ నలుపు చేసి, మందం 14–16 మిల్లీమీటర్లు పెట్టండి. ఫొటో లేయర్ కన్ను మూసేసి, స్క్రీన్ నుంచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. కొమ్మూ చ శరీరమూ అతుక్కుపోతున్నాయా? గుడి లోపలి ఖాళీ మూసుకుపోయిందా? మందం తగ్గించండి, లేదా అక్షరాల మధ్య ఎడం పెంచండి.

కొమ్ము చివర సన్నబడాలంటే పాత్ ఎఫెక్ట్స్‌లో పవర్ స్ట్రోక్ వాడండి. నోడ్ టూల్‌లో ఉన్నప్పుడు పాత్ పక్కన మందం పెంచి తగ్గించే పిడులు కనిపిస్తాయి, వాటిని లాగడమే. కానీ స్టిక్కర్‌కి కొసను 2 మిల్లీమీటర్లకన్నా సన్నం కానివ్వను. సన్నటి కొస గాజు తుడిచిన మూడో రోజుకే లేచిపోతుంది.

7. గీతను ఆకారంగా మార్చడం

మొదటిసారి నేను ఈ మెట్టు తెలియక వదిలేశాను. స్క్రీన్ మీద లావుగా, అందంగా ఉన్న మాటను అలాగే కటింగ్‌కి ఇచ్చాను. ప్లాటర్ (స్టిక్కర్ కోసే యంత్రం) బ్లేడు మందాన్ని చూడదు, పాత్‌ను చూస్తుంది. గీత నడుమ ఒక్క కోత పెట్టి ఊరుకుంది. చేతికి వచ్చింది అక్షరాలు కాదు, కోసిన అరమీటరు వినైల్ (స్టిక్కర్ షీటు).

కాబట్టి:

– ముందు "గీతలు" లేయర్‌ను డూప్లికేట్ చేసి, పాతదాన్ని దాచిపెట్టండి. తర్వాత దిద్దుకోవాల్సి వస్తే అదే మీకు దిక్కు.
– కాపీలోని ముక్కలన్నీ ఎంచి స్ట్రోక్ టు పాత్ (కంట్రోల్ + ఆల్ట్ + సి). పవర్ స్ట్రోక్ పెట్టిన ముక్కకు ముందు ఆబ్జెక్ట్ టు పాత్ (కంట్రోల్ + షిఫ్ట్ + సి).
– అన్నీ ఎంచి యూనియన్ (కంట్రోల్, ప్లస్). ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట్ల లోపలి గీతలు మాయమవుతాయి.
– కంట్రోల్ + 5 (నంబర్ ప్యాడ్‌లోది) నొక్కుతూ అవుట్‌లైన్ చూపుకు మారండి. అక్షరం చుట్టూ ఒకే అంచు, ర లోపలి ఖాళీలా మూసుకున్న ప్రతి ఖాళీకి ఒక అంచు ఉండాలి. అక్షరం పొట్టలోంచి ఏ గీతా అడ్డంగా పోకూడదు.

యూనియన్ బదులు కంబైన్ కొడితే, ముక్కలు కలిసిన చోట కొన్నిసార్లు తెల్ల రంధ్రాలు పడతాయి. రంధ్రం కనిపించగానే అన్‌డూ చేసి యూనియన్ కొట్టండి.

8. తరచూ అడిగే చిక్కులు

గీయగానే గీత లోపలంతా రంగు నిండిపోతోంది. ఫిల్ తీసేయలేదు. కింద రంగుల పట్టీలో ఇంటూ గుర్తు మీద క్లిక్ చేస్తే ఫిల్ పోతుంది. షిఫ్ట్ పట్టుకుని ఏదైనా రంగు నొక్కితే స్ట్రోక్‌కు ఆ రంగు వస్తుంది.

ఒక ముక్క సన్నగా, ఒకటి లావుగా వచ్చింది. బాగున్న ముక్కను కాపీ చేసి, రెండోదాన్ని ఎంచి కంట్రోల్ + షిఫ్ట్ + వి. స్టైల్ మాత్రమే అతుక్కుంటుంది.

మాటను పెద్దది చేస్తే గీత మందం పెరగలేదు. సెలెక్టర్ టూల్ పైపట్టీలో, సైజు మారినప్పుడు స్ట్రోక్ మందం కూడా మారాలా అనే బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. స్ట్రోక్ టు పాత్ అయిపోయిన తర్వాతైతే ఈ బెడద ఉండదు.

నోడ్ కదిపితే ఎక్కడికో దూకి అతుక్కుంటోంది. స్నాపింగ్ ఆన్‌లో ఉంది. ఆపేయండి. చేతిరాతకు దాంతో పనిలేదు.

ఫొటో నుంచి ట్రేస్ బిట్‌మ్యాప్ (ఫొటోను తనంతట తానే పాత్‌గా మార్చే ఆదేశం) కొట్టేస్తే సరిపోదా? సరిపోతుంది, చిన్న పనికి. కానీ స్కెచ్ పెన్ను పీచు, కాగితం గరుకు కూడా అంచుల్లోకి వస్తాయి. ఆ అంచులు దిద్దడానికి పట్టే సమయంలో కొత్తగా గీసెయ్యొచ్చు.

మా దగ్గర కోరెల్‌డ్రానే ఉంది. పద్ధతి అదే. ఫ్రీహ్యాండ్ టూల్‌కు ఎఫ్‌5, నోడ్లు దిద్దే షేప్ టూల్‌కు ఎఫ్‌10. స్మూతింగ్ అక్కడ కూడా పైపట్టీలోనే ఉంటుంది. నాలుగు నోడ్ల లెక్క ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకటే.

9. షాపుకి ఇచ్చే ముందు

మీరు ఇస్తున్నది ఫాంటు కాదు, ఆకారం. కాబట్టి అను ఫాంటా, యూనికోడా, ఒత్తులు విడిపోతాయా అనే గొడవ ఇక్కడ లేదు. రేడియం షాపులో ఏ కంప్యూటర్‌లో తెరిచినా అక్షరం అలాగే ఉంటుంది.

– ఫొటో లేయర్, దాచిన "గీతలు" లేయర్ లేని వేరే కాపీ సేవ్ చేయండి.
– ఎస్‌వీజీతో (ఇంక్‌స్కేప్ సేవ్ చేసే ఫైలుతో) పాటు పీడీఎఫ్ కూడా తీసుకెళ్లండి. చాలా షాపుల్లో పీడీఎఫ్ నేరుగా తెరుచుకుంటుంది.
– తెరవగానే వెడల్పు 300 మిల్లీమీటర్లే చూపిస్తోందో లేదో అక్కడే చూడమనండి.
– స్టిక్కర్ గాజుకు లోపలి వైపు అంటించి బయటి నుంచి చదవాలంటే అద్దంలోలా తిప్పి కోయాలి. సెలెక్టర్ టూల్‌లో హెచ్ నొక్కితే తిరుగుతుంది. తిప్పిన ఫైలు పేరులో "లోపలి వైపు" అని రాయండి.
– మొత్తం కోయించే ముందు, మిగిలిపోయిన వినైల్ ముక్క మీద కొమ్ము ఒక్కటి అసలు సైజులో కోయించి, కొస చిరగకుండా ఊడి వస్తుందో లేదో గోటితో లేపి చూడండి.